ఇంటి కథ సాక్ష్యంగా నిలవాలి

దంతాలపల్లికి దగ్గరలోనే ఉంది చిన్నగూడూరు. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఆ ఊళ్లోనే 1928లో దాశరథి రంగాచార్య జన్మించారు. ఆయన రాసిన 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' నవలలు నిజాం కాలంనాటి తెలంగాణ పల్లెను కళ్ళ ముందు నిలబెడతాయి. దొరల గడీలు, వెట్టిచాకిరీ, ఆడబాపల బతుకులు ఆయన ఎక్కడో చదివి తెలుసుకున్నవి కావు. పుట్టిపెరిగిన ఇంట్లో, ఊళ్లో చూసినవీ, పెద్దల నోట విన్నవీ. వాటినే నవలలుగా మలిచారు. తన సొంత కథను తరువాత 'జీవనయానం'లో చెప్పుకున్నారు. 2015లో ఆయన కన్నుమూశారు. ఆ కాలాన్ని తెలుసుకోగోరేవారు నేటికీ చరిత్ర గ్రంథాలతోపాటు ఆ నవలలూ తెరుస్తున్నారు.

ఇక్కడే మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ కాలంలోనే, ఆ పల్లెల్లోనే ముస్లింల ఇళ్ళూ ఉన్నాయి. వాటి కథ ఎవరు రాశారు? ఆనాటి ముస్లిం అనగానే నవాబో, రజాకారో గుర్తుకొస్తాడు. రైతు, కూలి, టాంగా తోలేవాడు కనిపించరు. నేటి జనగామ జిల్లా కామారెడ్డిగూడెంలో బందగీ పేద రైతు. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి 1940 ప్రాంతంలో హత్యకు గురయ్యాడు. హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్ల దౌర్జన్యాలను ఖండించి 1948 ఆగస్టులో ప్రాణాలు కోల్పోయాడు.

మరుసటి నెలలోనే పోలీసు చర్య. ఆ రోజుల్లో, ఆ తరువాత సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం ఎక్కువ. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. చనిపోయినవారి లెక్క నివేదిక చెబుతుంది. ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగిందా, ఎవరిని ఎవరు దాచారు అన్నది దాదీలు, నానీలే చెప్పాలి. 2004లో స్కైబాబ సంకలనం చేసిన 'వతన్' తెలుగులో ముస్లిం కథలను ఒకచోట చేర్చింది. నవల ఇంకా రావలసినంతగా రాలేదన్నది మా అభిప్రాయం.

అయితే ఇంట్లో విన్నదంతా చరిత్ర కాదు. ప్రతి కుటుంబమూ తన తాతను మంచివాడిగానే గుర్తుంచుకుంటుంది. హదీసు పండితులు ఈ ప్రమాదాన్ని ఎన్నడో గ్రహించారు. చెప్పినవారెవరు, వారు ఎవరి దగ్గర విన్నారు, వారి నిజాయితీ, జ్ఞాపకశక్తి ఎలాంటివి అని ఒక్కొక్కరినీ పరిశీలించారు. నవల రాసేవారికీ ఆ పట్టుదల ఉండాలి. దాదీ చెప్పినదాన్ని పొరుగింటి పెద్దల దగ్గరా విచారించాలి. ఉర్దూలో ఉన్న పాత పహాణీలు, సనదులు చదివించుకోవాలి. సంభాషణలు కల్పించవచ్చు, పేర్లు మార్చవచ్చు. జరిగిన అన్యాయాన్ని మాత్రం తారుమారు చేయరాదు.

సాక్ష్యం పలికేటప్పుడు సొంతవారిని కూడా మినహాయించరాదన్నది ఇస్లాం బోధ. మన తాత రజాకార్ల వెంట తిరిగి ఉంటే అదీ రాయాలి. హిందూ పొరుగువాడు తన గడ్డివాములో దాచి మనవాళ్ళను కాపాడి ఉంటే అదీ రాయాలి. ఒకటి రాసి మరొకటి దాస్తే అది నవల అనిపించుకోదు, వకాల్తా అవుతుంది.

1948లో పదేళ్ళ పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు తొంభైకి చేరువయ్యారు. ఆ ఉర్దూ కాగితాలు చదవగలిగేవారు మన ఇళ్ళల్లో తగ్గిపోతున్నారు. చదువుకున్న మన యువతీ యువకులు ఈసారి పండుగకు ఊరెళ్ళినప్పుడు ఒక నోటు పుస్తకం వెంట తీసుకెళ్ళాలి. పెద్దల పక్కన కూర్చుని అడగాలి, రాసుకోవాలి. మనం రాయకపోతే మన ఇంటి కథ మరెవరో రాస్తారు. వారికి తెలిసినంత మేరకే రాస్తారు.