సంకీర్తనకూ ఋషిస్మరణ ఆవశ్యకం

మంత్రజపానికి ముందు ఋషిని, ఛందస్సును, దేవతను స్మరించడం మన సంప్రదాయం. తాళ్లపాక సంకీర్తనల విషయంలో మాత్రం ఋషిని విస్మరిస్తున్నాము. పులికాట్ సరస్సు తీరగ్రామాల భజనలలో తాళ్లపాకవారి పదం ఏది పాడినా తరచు "అన్నమయ్య కీర్తన" అనియే ప్రకటిస్తారు. ఆ నామచ్ఛాయలో మరుగుపడిన మహనీయుడు చిన తిరుమలాచార్యులు.

ఆయన అన్నమాచార్యుల (1408–1503) పౌత్రుడు, పెద తిరుమలాచార్యుల పుత్రుడు. ద్విపదకవిగా ప్రసిద్ధుడైన చిన్నన్న ఆయన తమ్ముడే. తాతగారి చరిత్రను ద్విపదలో రచించిన తమ్ముణ్ణి సాహిత్యలోకం గౌరవిస్తుంది. అధ్యాత్మ, శృంగార సంకీర్తనలు రచించిన అన్నగారిని భక్తులు సైతం అంతగా ఎరుగరు. తాతగారి సంస్కృత సంకీర్తన లక్షణగ్రంథం నేడు అలభ్యం; ఆయన దానిని తెలుగు చేసినందువల్లనే తత్సారం మనకు దక్కింది.

ఈ విస్మృతికి ఒక కారణం ముద్ర. తండ్రి, తనయుడు, మనుమడు మువ్వురూ స్వనామాన్ని విడిచి శ్రీవేంకటేశ్వరుని నామాన్నే ముద్రగా నిలిపారు. "అంతా స్వామిదే కదా, కర్త ఎవరైతేనేమి?" అని కొందరంటారు. వేదం అపౌరుషేయమే, అయినా మంత్రద్రష్టను స్మరింపక జపం ఆరంభింపము గదా! స్వనామాన్ని దాచుకొనుట కవి వినయం. దానిని మనం మరచుట కృతఘ్నత.

తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన సంకీర్తన సంపుటాలలో కర్తృనామాలు వేర్వేరుగా ఉన్నాయి. భజన నిర్వాహకులు పాడబోయే ముందు సంపుటం చూచి, కర్త నామం ఒక్కసారి పలకాలని ప్రార్థన. ఋషిఋణం తీర్చుకొనుటకు అదే ప్రథమసోపానం.