ప్లాట్ల లెక్కలో కూలోడి వాటా ఎక్కడ?

2022 డిసెంబరు 30న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి నర్సీపట్నం వచ్చి ఒక్కరోజే మూడు పనులకు శంకుస్థాపన చేశారు. మాకవరపాలెం దగ్గర ప్రభుత్వ మెడికల్ కాలేజీ, తాండవ–ఏలేరు కాల్వల అనుసంధానం, పట్నం మెయిన్ రోడ్డు విస్తరణ. పట్నంలో వాదులాట మాత్రం ఎక్కువగా రోడ్డు చుట్టూనే తిరిగింది. ఎన్ని అడుగులు వెడల్పు చేస్తారు, ఎవరి కొట్టు ఎంత పోతుంది, పరిహారం మాటేమిటి అని. కొట్టు పోయే చిన్న వ్యాపారి బాధను మేం తక్కువ చేసి చెప్పడం లేదు. అతను అడగాల్సిందే. కానీ మెయిన్ రోడ్డు దాటి నాలుగడుగులు వేస్తే మడిచెక్కలు సెంట్లుగా, గజాలుగా మారిపోతున్నాయి. వాటి మీద వాదన జరిగితే అది ధర గురించే తప్ప పని గురించి కాదు.

ఎకరం నేల ప్లాట్లయితే ఎవరికేం వస్తుంది? రైతుకు ధర ముడుతుంది. దళారీకి కమీషన్, వ్యాపారికి లాభం. కొన్న ఉద్యోగికి ఇల్లు కట్టుకునే జాగా దొరుకుతుంది. ఆ నేల మీద ఊడ్పులు ఊడ్చి, కలుపు తీసి, చెరకుకి జడలు చుట్టి, కోత కోసిన వాళ్లకి? ఏమీ రాదు. ఆళ్లు అక్కడ పనిచేసినట్టు కాగితమే ఉండదు. కౌలు రైతు గతీ అంతే. 2019లో సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, భూయజమాని సంతకం ఉంటేనే కార్డు అన్నారు. రేపు ప్లాట్లు వేయాలనుకునే ఆసామి ఇవాళ కౌలుదారుకి సంతకం పెడతాడా?

ఇక్కడ ఒక సంగతి కార్యకర్తలు బాగా గుర్తుపెట్టుకోవాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వం భూమి తీసుకుంటే, అక్కడ మూడేళ్లుగా పనిచేస్తూ దాని మీదే బతికే వ్యవసాయ కూలీ, కౌలుదారు కూడా బాధిత కుటుంబమే. పోరాడి చట్టంలోకి ఎక్కించుకున్న హక్కు అది. అయితే అదే భూమిని వ్యాపారి ముక్కలు ముక్కలుగా కొని లే అవుట్ వేస్తే ఆ హక్కు అక్కరకు రాదు. పోయింది అదే పని, పస్తులుండేది అదే కుటుంబం. కొన్న చెయ్యి మారిందంతే.

ప్రభుత్వమే రంగంలోకి దిగినప్పుడు కూడా ఈ చట్టాన్ని తప్పించుకునే దారి వెతుకుతుంది. 2020 జనవరి 25న విశాఖ జిల్లాకు ఇచ్చిన 72వ నంబరు జీవో చూడండి. పేదల ఇళ్ల స్థలాల పేరుతో పది మండలాల్లో 6,116 ఎకరాలను సమీకరణ కింద తీసుకోవాలన్నారు. ఎకరం అంటే 4,840 గజాలు. డి-పట్టాదారుకి ఎకరాకు 900 గజాలు, పదేళ్లు దాటి సాగులో ఉన్నవాడికి 450, ఐదు నుంచి పదేళ్లవాడికి 250. కూలీకి ఎన్ని గజాలని ఆ పట్టికలో వెతికితే ఆ వరసే కనబడదు.

ఇక ఉపాధి హామీ. బలిఘట్టం, పెదబొడ్డేపల్లి లాంటి ఊళ్లు ఇవాళ నర్సీపట్నం మునిసిపాలిటీలో ఉన్నాయి. పట్నంలో కలిస్తే కుళాయి, వీధిదీపం, రోడ్డు వస్తాయని చెబుతారు. కొన్ని వస్తాయి కూడా. ఇంటి పన్ను వాటికంటే ముందొస్తుంది. కానీ 2005 ఉపాధి హామీ చట్టం గ్రామాలకే. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టమూ గ్రామాలకే. అంటే ఊరు వార్డుగా మారితే ఒకపక్క పొలం పని తగ్గి, మరోపక్క గునపం పనీ పోతుంది. తాండవ, ఏటికొప్పాక చక్కెర మిల్లులు గానుగ ఆపేశాక చెరకు నరుకుడు పనీ పలచబడింది. మరి కూలోడు ఎటెళ్లాలి? అబీద్ సెంటర్లో పొద్దున్నే తాపీమేస్త్రీ పిలుపు కోసం నిలబడాలా? పట్నం కూలీకి పని చూపడం కుదరని పనేమీ కాదు. కేరళలో 2010 నుంచి అయ్యంకాళి పేరుతో పట్టణ ఉపాధి పథకం నడిపారు.

మెడికల్ కాలేజీ వస్తే మీ దశ తిరుగుతుందని చెప్పినవాళ్లున్నారు. 2025లో ప్రభుత్వం పది కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలని నిర్ణయించింది, అందులో నర్సీపట్నమూ ఉంది. ప్రజల కాలేజీ పేరు చెప్పి పెంచిన భూమి ధర మాత్రం ఎవరి జేబులో పడాలో వాళ్ల జేబులోనే పడుతుంది.

కాలువల మాట కూడా చెప్పుకోవాలి. 2022 జూన్‌లో పంట కాలువ స్థలం ఆక్రమించారంటూ మునిసిపాలిటీ వాళ్లు మాజీ మంత్రి అయ్యన్నపాత్రుడి ఇంటి ప్రహరీ గోడ కూల్చారు. వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. అందులో నిజానిజాలు తేల్చడం మా పని కాదు. కానీ రెండు సెంట్ల కాలువ జాగా కోసం రాష్ట్రమంతా మాట్లాడింది. మరి లే అవుట్ల కింద పూడిపోయే బోదెలు, గెడ్డలు, బండిదారుల గురించి ఆ గొంతులు ఎందుకు లేవలేదు? బోదె పూడితే కింది మడికి నీరందదు. కింది మడి బీడైతే దాన్నీ అమ్మమంటూ దళారీ గుమ్మంలో కూర్చుంటాడు. అనుమతి లేని ప్లాట్లను రుసుం కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం 2020లో ఒకసారి, 2025లో మళ్లీ పెట్టారు. వేసినోడు డబ్బు పట్టుకుపోయాక, రుసుం కట్టేది కొన్నోడు.

కాబట్టి వ్యవసాయ కార్మిక సంఘం వాళ్లు వార్డుల్లో చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. కొత్త లే అవుట్‌కి దరఖాస్తు పడిందని తెలియగానే సర్వే నంబరు పట్టుకుని సమాచార హక్కు కింద ఎఫ్‌ఎంబి నక్షా తీసుకోవాలి. కాలువ, గెడ్డ, శ్మశానం దారి అందులో ఎక్కడున్నాయో నేల మీదకెళ్లి కొలవాలి. డి-పట్టా భూమి కలిసిందేమో 22-ఎ జాబితా చూడాలి. లే అవుట్‌లో పది శాతం ఖాళీ జాగా మునిసిపాలిటీకి రాసిచ్చారో లేదో అడగాలి. ఆ భూమి మీద మూడేళ్లుగా ఎవరెవరు కూలికెళ్లారో, ఎవరు కౌలు చేశారో పేర్లు రాసి, వేలిముద్రలు వేయించి, ఒక ప్రతి తహశీల్దారుకి, ఒక ప్రతి మునిసిపల్ కమిషనరుకి ఇచ్చి రశీదు తీసుకోవాలి. ఇప్పటికిప్పుడు దాంతో పరిహారం రాదు. పనిచేసిన వాళ్ల పేర్లు సర్కారు కాగితం మీదకి ఎక్కడం దానితో మొదలవుతుంది.