తొమ్మిదో తరగతి ఎక్కడికి పోయింది?

మా పాపకి పదో తరగతిలో మొన్న పెట్టిన పరీక్షలో లెక్కల్లో నూటికి 34 వచ్చాయి. పాసు మార్కు 35. ఆ ఒక్క మార్కు సంగతి పక్కన పెట్టండి. ఇదే పిల్లకి, ఇదే స్కూల్లో, తొమ్మిదో తరగతి చివర 82 వేశారు. ఏడు నెలల్లో 82 కాస్తా 34 ఎలా అయిందండీ? ఎండాకాలం సెలవుల్లో పిల్ల బుర్ర కరిగిపోయిందా?

మావారు ప్రోగ్రెస్ కార్డు చూసి కేకలేమీ వేయలేదు. కాఫీ తాగి గ్లాసు పక్కన పెడుతూ, "ఇంటర్లో సీఈసీలో వేసేద్దాంలే, ఆడపిల్లకి ఈ తంటా అంతా ఎందుకు" అన్నారు. అత్తయ్యగారు తలూపారు. అంత తేలిగ్గా తేలిపోయింది. మా పెద్దాడికి పదో తరగతి ప్రీఫైనల్లో 39 వచ్చినప్పుడు ఈ మాట ఎవరి నోటా రాలేదు. వాడికి రాత్రికి రాత్రి ట్యూషన్ కుదిరింది. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్ కుదిరింది. సీఈసీ తక్కువని నేననడం లేదు. తెలుగు బీఏ చేసినదాన్ని, నేనెలా అంటాను? ఇష్టపడి ఆ గ్రూపుకి వెళ్ళడం వేరు, లెక్కలు రావని తోసేస్తే వెళ్ళి పడడం వేరు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక పిల్ల తొమ్మిదో తరగతి నోట్సు అటక మీంచి దింపాను. పాత కాగితాల వాడికి వేద్దామని కట్ట కట్టి ఉంచాను, అదృష్టం కొద్దీ వాడింకా రాలేదు. తిరగేస్తూ పోతే నవంబరు 18 తేదీ వేసిన పేజీ దగ్గర ఆగాను. దాని తరవాతి పేజీలో ఎర్ర పెన్నుతో పెద్దక్షరాలు: "టెన్త్ క్లాస్, చాప్టర్ వన్, రియల్ నంబర్స్." అంతే. తొమ్మిదో తరగతి అక్కడితో సరి. సర్కిల్స్, హెరాన్ ఫార్ములా, సర్ఫేస్ ఏరియాస్, వీటి పక్కన "సెల్ఫ్ స్టడీ" అని రాసి టిక్కు పెట్టారు. జూన్ నుంచి నవంబరు దాకా జరిగినవన్నా నిదానంగా జరిగాయా అంటే అదీ లేదు. ట్రయాంగిల్స్ నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆ 82 ఎలా వచ్చాయో అప్పుడర్థమైంది. తొమ్మిదిలో పేపరు దిద్దేది వాళ్ళే, మార్కులు వేసేదీ వాళ్ళే. అడిగేవాడు లేడు.

తప్పు నాది కూడా. కిందటి జనవరిలో పేరెంట్స్ మీటింగులో "మా దగ్గర డిసెంబరుకే టెన్త్ సిలబస్ మొదలైపోయింది" అని మైకులో చెబితే చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పక్క స్కూల్లో ఇంకా తొమ్మిదే చెబుతున్నారని విని జాలిపడ్డాను కూడా.

నందిగామలో మా తమ్ముడి భార్య ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఆదివారం పుట్టింటికి వెళ్ళి నోట్సు ముందు పెట్టాను. మా మరదలు చూసి నవ్వింది. "వదినా, నా క్లాసులో సగం మంది ఇలా వచ్చినవాళ్ళే" అంది. తరవాత ఒక కాగితం తీసి, ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఐదు ఎక్స్ ప్లస్ ఆరు అని రాసింది. ఎనిమిదో తరగతిలో దీన్ని ఎక్స్ ప్లస్ రెండు, ఎక్స్ ప్లస్ మూడు అని రెండు ముక్కలుగా విడగొట్టడం చెబుతారట. తొమ్మిదిలో ఎందుకలా విడిపోతుందో చెబుతారు. పదిలో సున్నాకి సమానం చేసి వర్గ సమీకరణం అంటారు. ఇంటర్‌లో అదే భిన్నం కింద హారంగా వస్తుంది, దాన్ని పాక్షిక భిన్నాలుగా విడగొడతారు. ఆ పైన దాన్నే ఇంటిగ్రేషన్ చేయమంటారు. "ఇంటిగ్రేషన్ రావట్లేదని నా దగ్గర ఏడ్చే పిల్లకి రానిది ఇంటిగ్రేషన్ కాదు వదినా, ఎనిమిదీ తొమ్మిదీ" అంది.

నేను లెక్కల మనిషిని కాను. కానీ ఇది నాకు వెంటనే ఎక్కింది. మా ఛందస్సు కూడా అంతే కదా. గురువు ఏదో లఘువు ఏదో తెలియని పిల్లకి ఉత్పలమాల గణాలు భ ర న భ భ ర వ అని బట్టీ పట్టించొచ్చు, యతి పదో అక్షరమని చెప్పించొచ్చు. పరీక్షలో రెండు మార్కులూ వస్తాయి. కొత్త పద్యం చేతికిచ్చి గణవిభజన చెయ్యమంటే మాత్రం దిక్కులు చూస్తుంది.

"మరి పోటీ మాటేమిటి? ముందు మొదలుపెట్టకపోతే వెనకబడరా?" అంటారు. మా వీధిలో ముగ్గురు అప్పుడే అన్నారు. చిల్లకల్లు టోల్‌గేటు నుంచి కీసర టోల్‌గేటు దాకా రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు చెప్పేదీ అదే: ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్! ఫౌండేషన్ అంటే పునాది. పునాది అని పేరు పెట్టి పోస్తున్నది స్లాబు. సిమెంటు ఫ్యాక్టరీల నడుమ ఉన్న ఊరు జగ్గయ్యపేట. పోసిన కాంక్రీటుకి రోజుల తరబడి నీళ్ళు కొట్టకుండా పైన బరువు పెడితే ఏమవుతుందో ఇక్కడ ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు.

పరుగెత్తగల పిల్లలుంటారు, కాదనను. వాళ్ళని పరుగెత్తనివ్వండి. నలభై మంది సెక్షన్లో అలాంటివాళ్ళు నలుగురైదుగురు. ఫ్లెక్సీ మీద ఫొటోలు వాళ్ళవి, ఫీజులు నలభై మందివీ. ఇక పోటీ పరీక్ష అంటారా, ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలుంటే అందులో 80 లెక్కలే. మొత్తానికి మూడు గంటలు. ప్రశ్నకి నిమిషం పైచిలుకు. అంత వేగం ఎవరికొస్తుంది? విడగొట్టడం చేతివేళ్ళకి అలవాటైన పిల్లకి వస్తుంది. తొమ్మిదో తరగతిని "సెల్ఫ్ స్టడీ" అని దాటించేసిన పిల్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అసలు లాగేసుకున్న ఆ నెలలతో ఏం చేస్తున్నారో చూడండి. నేను స్కూలుకి వెళ్ళి, "తొమ్మిదిలో వదిలేసినవి ఇప్పుడైనా చెప్పండి" అని అడిగాను. "టైం లేదమ్మా, డిసెంబరుకి సిలబస్ అయిపోవాలి, ఆ తరవాత మార్చి దాకా రివిజన్" అన్నారు. విన్నారా? పదో తరగతి లెక్కలకి పదో తరగతే చాలుతోంది, ఇంకా మూడు నెలలు మిగులుతోంది కూడా. ఆ మూడు నెలలు ఏవి? తొమ్మిదో తరగతి నుంచి తీసుకున్నవే. వాటితో చేసేది పాత ప్రశ్నపత్రాలు పదేసి సార్లు రాయించడం. అర్థమయ్యేలా చెప్పాల్సిన సమయాన్ని తీసేసి, అర్థం కానిది గుర్తుండేలా చేయడానికి వాడుతున్నారు. దానికి మనం ఫీజు కడుతున్నాం.

మా పెద్దాడి ఇంటర్ ఇలాగే గడిచింది. వాడి రోజుల్లో లెక్కలు ఏ, బీ రెండు పేపర్లు, ఒక్కోటి 75 మార్కులు, 26 వస్తే పాసు. మొదటి ఏడాది వన్-ఏలో మాత్రికలకి 22 మార్కులని లెక్క. "మ్యాట్రిసెస్ చాలమ్మా, గట్టెక్కేస్తా" అనేవాడు. గట్టెక్కాడు కూడా. ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్లో లెక్కల పేపరు తన్నేసింది. 2025-26 నుంచి ఇంటర్ మొదటి ఏడాదిలో రెండు పేపర్లూ కలిపి నూరు మార్కులకి ఒక్కటే చేశారు. మంచిదే. అయితే పేపర్లు కలిపితే తొమ్మిదో తరగతి తిరిగొస్తుందా?

కొందరు ఇంకో దారి చెబుతారు. రాని పిల్లలకి తేలిక లెక్కలు వేరే పెట్టమని. సీబీఎస్ఈ వాళ్ళు 2020 పరీక్షల నుంచి పదిలో స్టాండర్డ్ అనీ బేసిక్ అనీ రెండు పెట్టారు. మనకిది కొత్తేమీ కాదు. మా అమ్మ వాళ్ళ రోజుల్లో హైస్కూల్లో కాంపోజిట్ మేథ్స్, జనరల్ మేథ్స్ అని రెండుండేవి. మా అమ్మనీ పిన్నినీ ఎవరూ అడగకుండానే జనరల్లో కూర్చోబెట్టారు. మామయ్య కాంపోజిట్. ఆయన ఇంజినీరయ్యాడు. పిన్ని ఇప్పటికీ పత్తి లెక్కలు, వడ్డీ లెక్కలు నోటితో చేస్తుంది, మామయ్య ఫోను తీస్తాడు. తేలిక లెక్కలు అని ఒక గది కడితే అందులోకి ముందు ఎవరిని పంపిస్తారో మన ఇళ్ళలో మనకి తెలియదా? మా ఇంట్లో ఒక్క కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు తేలిపోయిందిగా.

మా పాపకి తేలిక లెక్కలు వద్దు. దానికి రావలసిన తొమ్మిదో తరగతి దానికి ఇమ్మంటున్నాను.

స్కూలు ఇవ్వనంది కాబట్టి ఇంట్లో మొదలుపెట్టాం. ప్రభుత్వం వారి తొమ్మిదో తరగతి పుస్తకం తెప్పించాను. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. "తెలుగు చదివినదానివి, నీకు లెక్కలేం తెలుసు" అని మావారు నవ్వారు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన గణితశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడని చెప్పాను. ఆయన పేపరు తిరగేసుకున్నారు. రోజూ రాత్రి ఏడున్నరకి డైనింగ్ టేబుల్ మీద పుస్తకం. ముందు పాప ఇంగ్లీషు పేజీ చదువుతుంది, నేను తెలుగు పేజీ. మూడో రోజు త్రిభుజాలు వచ్చాయి. కాంగ్రుయెంట్, సిమిలర్ రెండిటికీ తేడా చెప్పమంటే రెండు నిర్వచనాలూ గడగడా అప్పజెప్పింది, ఏది ఏదో మాత్రం తెలియలేదు. పక్క పేజీలో "సర్వసమానం" అని ఉంది. అన్నీ సమానం. మరి పదో తరగతి పుస్తకంలో "సరూపం"? రూపం మాత్రమే ఒకటి. గిన్నెల స్టాండు లోంచి ఒకే సైజు పళ్ళేలు రెండు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టాను. తరవాత పెద్ద పళ్ళెం, చిన్న పళ్ళెం పెట్టాను. పిల్ల కాసేపు చూసి, "అంతేనా? మరి సార్ ఎందుకు చెప్పలేదమ్మా?" అంది.

నాలుగు రోజుల్లో ట్రయాంగిల్స్ అయిపోగొట్టాల్సిన సార్‌కి పళ్ళేలు తెచ్చే తీరిక ఎక్కడిది! ఆయన్ని నేనేమీ అనను.

వారాంతంలో మరదలు ఫోన్లో సందేహాలు తీరుస్తోంది. మార్చికి ఎన్ని మార్కులొస్తాయో తెలియదు. గ్రూపు మాట జూన్ దాకా ఈ ఇంట్లో ఎత్తొద్దని మావారికీ అత్తయ్యగారికీ చెప్పేశాను, అప్పుడు కూడా ముందు పిల్లని అడగాలని చెప్పాను. అత్తయ్యగారికి కోపం వచ్చింది, రెండ్రోజులు మాట్లాడలేదు.

మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల ఉంటే ఈ రాత్రే లెక్కల నోట్సు తీయండి. తొమ్మిదో తరగతి పాఠం చివరిసారి ఏ తేదీన జరిగిందో చూడండి. జనవరి మీటింగులో మైకు పట్టుకున్నాయన సిలబస్ అయిపోయిందని చెప్పగానే ఆ పేజీ తెరిచి చూపించండి. నేనూ వస్తాను, ఈసారి చప్పట్లు కొట్టడానికి కాదు.