గులకరాయి సౌదా



ఈద్ మర్నాడు కంచికచర్లలో మా ఆపా వాళ్లింటికి వెళ్లాను. షీర్‌ఖుర్మా గిన్నె చేతికి ఇచ్చారో లేదో, భాంజా ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. "దేఖో మామూ! బంగారు అంచు కార్డు పడింది!" తెర మీద ఒక రాక్షసుడి బొమ్మ గిరగిరా తిరుగుతోంది, చుట్టూ మెరుపులు. వాడు ఇంటర్ ఫస్టియర్. వాడి మొహంలో ఉన్న ఖుషీ చూస్తే నాకూ నవ్వొచ్చింది.

"ఎంత పెడితే పడింది బేటా?" అన్నాను. జవాబ్ లేదు. మళ్లీ అడిగితే తల దించుకుని చెప్పాడు. ఈదీ మొత్తం పోయింది. నానీ ఇచ్చింది, నేనిచ్చింది, చాచాలూ ఫుప్పూలూ ఇచ్చింది కలిపి 3,400 రూపాయలు. అది చాలక దుల్హేభాయ్ ఫోనులోంచి ఇంకో 1,200. దుల్హేభాయ్ విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని ఇంజన్లు విప్పే మనిషి. 1,200 అంటే ఆయన ఒంటి మీద ఎంత గ్రీజో ఆపాని అడగండి.

నేను కోప్పడలేదు. "ఆ కార్డు మీ తమ్ముడికి ఇచ్చెయ్ చూద్దాం" అన్నాను.

"ఇవ్వడం కుదరదు మామూ. ఇందులో ఆ ఆప్షన్ లేదు."

"పోనీ ఎవరికైనా అమ్ముతావా?"

"అదీ లేదు."

"మరి నీది ఎలా అయింది?"

"నాదే. నా అకౌంట్‌లో ఉంది కదా!"

ఆ ఆఖరి మాట మీదే ఈ రాత.

ముందు మన పెద్దల సంగతి చెప్పాలి. అదే రోజు వసారాలో కూర్చున్న ఒక బుజుర్గ్ ఇదంతా విని ఒక్క మాటలో తేల్చేశారు: "పత్తా అంటే పత్తే. హరామ్. ఫోను పగలగొట్టు." ఇలా అనడం సులువు. అక్ల్ అక్కర్లేదు. కానీ ఈ మాట విన్న పిల్లాడు ఆట మానడు, మనకు చెప్పడం మానేస్తాడు. పోనీ పత్తా అనగానే మనకు పరాయిదా? గంజీఫా అనే పేరే ఫార్సీ నుంచి వచ్చింది. 1527లో బాబర్ సింధ్‌లోని షా హసన్‌కు గంజీఫా పత్తాలు పంపినట్టు బాబర్‌నామాలో ఉంది. బాదుషా ఆడితే హలాల్ అయిపోతుందని కాదు నేననేది. షత్రంజ్ విషయంలోనే ఇమాములు ఒక్క మాట మీద లేరు, హనఫీల పట్టు ఒకటి, షాఫయీల పట్టు ఒకటి. అలాంటప్పుడు ఆట పేరు విని ఫైసలా చెప్పేయడం ఇల్మ్ కాదు.

సౌదీ సంగతే చూడండి. 2001లో అక్కడి ఉలేమా పోకెమాన్ ఆటల్నీ కార్డుల్నీ నిషేధిస్తూ ఫత్వా ఇచ్చారు. బొమ్మల్లో ఏవో గుర్తులున్నాయని ఒక ఆరోపణ, అందులో జువా ఉందని ఇంకొకటి. గుర్తుల గోలే ప్రపంచమంతా తిరిగింది. జువా మాట, అసలు ఆలోచించాల్సిన మాట, ఎవరికీ గుర్తు లేదు. 2025లో ఏమైంది? అదే సౌదీ ప్రభుత్వ నిధి చేతిలోని కంపెనీ 350 కోట్ల డాలర్లు పెట్టి పోకెమాన్ గో నడిపే వ్యాపారాన్ని కొనేసింది. అది కార్డుల ఆట కాదు, నిజమే. కానీ నా మాట అర్థమైంది కదా. బొమ్మను చూసి భయపడ్డవాళ్లు బేరాన్ని చూడలేదు.

నేను బేరం గురించి మాట్లాడుతున్నాను. ఆట గురించి అయితే, వాల్లా, నాకు గౌరవమే.

ఈ తరహా ఆటలకు మూలం 1993లో వచ్చిన మ్యాజిక్. దాన్ని తయారుచేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితంలో డాక్టరేట్ చదివినవాడు. వేలాది కార్డుల్లోంచి నువ్వే ఏరుకుని నీ కట్ట కట్టుకోవాలి. ఏ కార్డు ఏ కార్డుతో కలిస్తే బలమో, ఎదుటివాడి చేతిలో ఏముందో లెక్క కట్టాలి. ఇది హునర్. మన పేకాటలోనూ హునర్ ఉందని సుప్రీంకోర్టు 1967లోనే, అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే చెప్పింది. సికింద్రాబాద్ క్లబ్బులో రమ్మీ ఆడినవాళ్ల కేసది.

ఫోనులోకి వచ్చాక ఈ ఆటలకు ఇంకో విలువ కూడా చేరింది. కంచికచర్లలో ఈ కార్డులు అమ్మే దుకాణం నాకు కనపడలేదు. ఉన్నా, ఎదురుగా కూర్చుని ఆడేవాడేడీ? ఫోనులో మా వాడికి ఇషా తర్వాత జకార్తా కుర్రాడు దొరుకుతాడు. రూల్స్ తెలియకపోతే ఫోనే ఆపి చెబుతుంది. కార్డు మీద నాలుగు ముక్కల ఇంగ్లిష్ చదివి చదివి, వాడి ఇంగ్లిష్ నా కంటే నయమైంది. డబ్బు పెట్టకుండా రోజూ ఒకటో రెండో ప్యాకెట్లు ముఫ్త్‌గా కూడా ఇస్తారు. ఇదంతా కాదనడం బేఇమానీ అవుతుంది.

కానీ కార్డు ఎవరిది?

మేం చిన్నప్పుడు బచ్చాలు ఆడాం. సిగరెట్ పెట్టెల అట్టలు చింపి పోగుచేసేవాళ్లం. చార్మినార్ అట్టంటే చిల్లర, ప్రతి బడ్డీ కొట్టు ముందూ దొరికేది. మా ఊళ్లు హైవే మీద ఉండటం మా అదృష్టం. హైదరాబాద్ రోడ్డు (అప్పట్లో తొమ్మిదో నంబరు, ఇప్పుడు అరవై ఐదు) పక్కన లారీలాగిన చోట పరాయి రాష్ట్రాల పెట్టెలు దొరికేవి. ఆ ఒక్క అట్టకు ఇరవై చార్మినార్లు. అందులోనూ జువా వాసన ఉంది, అమ్మీ అందుకే వీపు విమానం మోత మోగించేది. అయినా ఒకటుంది. ఆ అట్టలు నా నిక్కరు జేబులో ఉండేవి. నాకు జ్వరమొస్తే దోస్తు తన దగ్గరున్న మంచి అట్ట తెచ్చి దిండు కింద పెట్టిపోయాడు. స్కూలు మారినప్పుడు మొత్తం తమ్ముడికి ఇచ్చేశాను. మిల్కియత్ అంటే అదే. నాది అయితే నేను ఇవ్వగలను, మార్చుకోగలను, పారేయగలను. ఇవ్వలేనిది నాది కాదు, నాకు చూపిస్తున్నారు అంతే.

"ఫోనులో ఇవ్వడం మార్చుకోవడం ఎలా కుదురుతుంది భాయ్, అది టెక్నాలజీ" అని ఒక ఇంజనీర్ సాబ్ నాతో అన్నారు. కుదురుతుంది సాబ్. 2002లో వచ్చిన మ్యాజిక్ ఆన్‌లైన్‌లో ఆటగాళ్లు ఒకరి కార్డులు ఒకరికి మార్చుకునేవారు. కొన్ని సెట్లయితే, మొత్తం పోగుచేసినవాడు రుసుము కట్టి అసలు కాగితం కార్డులే తెప్పించుకునే ఏర్పాటు ఉండేది. పోకెమాన్ కార్డుల పాత ఆన్‌లైన్ ఆటలోనూ మార్పిడి ఉండేది. 2023లో దాన్ని మూసి కొత్త యాప్‌కు మళ్లించారు, కొత్తదాంట్లో మార్పిడి లేదు. మ్యాజిక్ కంపెనీ తెచ్చిన కొత్త ఆట అరీనాలోనూ లేదు. అంటే చేతకాక తీసేయలేదు. మీ తమ్ముడి దగ్గర ఉన్న కార్డు నీకు దొరికితే నువ్వు ప్యాకెట్ కొనవు కదా, అదీ హిసాబ్.

తర్వాత వచ్చిన ఇంకో పోకెమాన్ యాప్, పాకెట్, 2025 జనవరిలో మార్పిడి పెట్టింది. ఎలా? ఒక మంచి కార్డు మార్చుకోవాలంటే ముందు నీ దగ్గరున్న వేరే మంచి కార్డుల్ని కాల్చి టోకెన్లు సంపాదించాలి. ఆటగాళ్లు నానా తిట్లూ తిట్టాక గానీ దాన్ని మార్చలేదు.

హార్త్‌స్టోన్ అనే ఆటలో లెక్క ఇంకా సాఫ్‌గా కనిపిస్తుంది. అక్కడ అక్కర్లేని కార్డును పగలగొడితే 'డస్ట్' వస్తుంది, ఆ డస్ట్‌తో కావలసింది చేసుకోవచ్చు. మామూలు కార్డు చేయడానికి 40, పగలగొడితే వచ్చేది 5. అన్నిటికంటే పెద్ద కార్డుకు 1600 పెట్టాలి, పగలగొడితే 400. మన నందిగామ పాత ఇనుము కొట్టువాడు ఎనిమిదో వంతు ధర చెబితే బజారంతా పోగయ్యేది. డస్ట్ అంటే దుమ్ము. పేరు మాత్రం ఇమాన్దారీగా పెట్టారు.

ఇక దుకాణమే ఎత్తేస్తే? ఎల్డర్ స్క్రోల్స్ లెజెండ్స్ అనే కార్డుల ఆట సర్వర్లు 2025 జనవరి 30న ఆగిపోయాయి. ఏళ్ల తరబడి పోగుచేసిన కట్టలు ఆ రోజుతో సరి. మా బచ్చాలు ఆపా వాళ్ల అటక మీద ట్రంకు పెట్టెలో ఇప్పటికీ ఉన్నాయి, చెదలు తిన్నంత తిన్నాక.

కాగితం కార్డులు మాత్రం మూసిన ప్యాకెట్‌లో అమ్మలేదా అంటారు. అమ్మారు, ఇప్పటికీ అమ్ముతున్నారు, వాటినీ నేను వెనకేసుకు రాను. ప్యాకెట్ సంగతి ఫిక్హ్ చదివినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. రసూలుల్లాహ్ (స.అ.స) కాలం నాటి అరబ్ బజార్లలో ఒక బేరం ఉండేది. వ్యాపారి బట్టలు పరిచేవాడు. ధర ముందే ఖరారు. కొనేవాడు గులకరాయి విసిరితే అది ఏ బట్ట మీద పడితే ఆ బట్ట వాడిది. దీన్ని బైఉల్ హసాత్ అంటారు. రసూలుల్లాహ్ దీన్ని మనా చేశారు, సహీహ్ ముస్లింలో ఉంది.

ఇప్పుడు కంపెనీవాళ్ల దలీల్ వినండి. "ప్రతి ప్యాకెట్‌లో ఐదు కార్డులు గ్యారంటీగా వస్తాయి, ఎవరూ ఖాళీ చేతులతో పోరు, కాబట్టి ఇది జువా కాదు." అయ్యా, గులకరాయి బేరంలోనూ ఎవడూ ఖాళీ చేతులతో పోలేదు! ప్రతిసారీ ఏదో ఒక బట్ట వచ్చింది. అయినా మనా చేశారు. ఎందుకంటే డబ్బు ఇచ్చేది బట్టకు కాదు, రాయి ఎక్కడ పడుతుందన్న ఆశకు. "ఏది ఎంత శాతం వస్తుందో మేం ముందే రాసి పెడుతున్నాం" అంటారు. బజారులో బట్టలు కూడా కళ్ల ముందే పరిచి ఉండేవి.

బయటి ప్రపంచం దీన్ని గమనించలేదనుకోకండి. జపాన్‌లో ఫలానా కార్డులన్నీ పోగైతేనే పెద్ద బహుమతి ఇస్తామనే పద్ధతిని 2012లో ఆపించారు. బెల్జియం 2018లో కొన్ని ఆటల మూసిన పెట్టెలను జువాగా లెక్కగట్టింది. బ్రిటన్ మాత్రం 2022లో జూదం చట్టాన్ని వీటి దాకా సాగదీయనంది. గెలిచిన వస్తువును ఆట బయట డబ్బుగా మార్చుకునే దారి లేకపోతే అక్కడి చట్టం లెక్కలో అది జువా కిందికి రాదు. ఇది రెండుసార్లు చదవండి. ఇచ్చేది ఎంత పనికిరానిదైతే కంపెనీకి అంత క్షేమం! అమ్ముకునే హక్ ఇస్తే చట్టం పట్టుకుంటుంది, కాబట్టి హక్ ఇవ్వరు. నా భాంజాకు మిల్కియత్ లేకపోవడమే వాళ్లకు రక్షణ.

మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని ఆపాయి. 2025 ఆగస్టులో ఢిల్లీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది. నానీ దువా చేసింది, మొహల్లాలో రమ్మీకి మునిగినవాళ్లు ఆమెకు తెలుసు. మంచిదే. కానీ ఆ చట్టం తర్వాత వచ్చిన ఈద్‌కే మా ఇంట్లో ఈదీ ప్యాకెట్లయిపోయింది.

గుడిమెట్ల మనకు దగ్గరే. వానలు పడగానే అక్కడ కొండ పక్కన జనం వజ్రాల కోసం వంగి వెతుకుతారు. పొలం పని మానుకుని, టిఫిన్ డబ్బా కట్టుకుని. అదీ ఆశే, నేను వెళ్లమని చెప్పను. కానీ ఆ నేలకు నువ్వెవరో తెలియదు. నిన్న ఎంతసేపు వెతికావో, ఎప్పుడు విసిగి లేచిపోతావో నేల లెక్క రాసుకోదు. రాయి దొరికితే చేతికి మట్టితో సహా దొరుకుతుంది. ఫోనులోది అలా కాదు. మా వాడి ఆటలో రూపాయలు ముందు జెమ్స్ అవుతాయి, జెమ్స్ ప్యాకెట్లవుతాయి, చివర్లో ఎప్పుడూ ఓ ముప్పై జెమ్స్ మిగులుతాయి, ప్యాకెట్‌కు చాలవు. ఇంకొంచెం వేస్తే చాలుతుంది. ప్యాకెట్ తెరిచేముందు వెలుతురు రంగు మారుతుంది, గుండె దడదడలాడుతుంది. ఈ ఆఫర్ ఇంకా పదకొండు గంటలే అని గడియారం తిరుగుతుంది. పదహారేళ్ల పిల్లాడి నఫ్స్ మీద పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూర్చుని పనిచేస్తున్నారు, ఇటు పక్క ఉన్నది ఆటోనగర్‌లో పనిచేసే ఒక అబ్బా, కుట్టుమిషను తొక్కే ఒక అమ్మీ.

కాబట్టి ఆపాలారా, భాయ్‌లారా, ఫోను పగలగొట్టకండి. మీ ఫోన్‌పే పిన్ మార్చండి, ఈ రాత్రే. పిల్లాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని "నీ కట్ట నాకు చూపించు, ఏ కార్డు ఎందుకు పెట్టావు?" అని అడగండి. ముఫ్త్‌గా వచ్చిన వాటితో ఆడుకోనివ్వండి, ప్యాకెట్ కొంటే మాత్రం ఒప్పుకోకండి. మన ఇమాం సాబ్‌లకు నా దర్ఖాస్త్ ఒక్కటే: జుమా బయాన్‌లో "మొబైల్ గేములు" అని గంపగుత్తగా తిట్టకండి, గులకరాయి బేరం సంగతి చెప్పండి. పిల్లలు తిట్టు వింటే తల దించుకుంటారు, దలీల్ వింటే తల ఎత్తి చూస్తారు. నేను ముఫ్తీని కాను. తప్పుంటే దిద్దండి, సంతోషంగా దిద్దుకుంటాను.

ఆ రోజు మగ్రిబ్ అయ్యాక భాంజా నాకు ఆట నేర్పాడు. తన పాత ఫోను నాకిచ్చి, కట్ట కట్టిపెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. వరసగా మూడు ఆటలు ఓడిపోయాను. మూడోదాంట్లో నన్ను ముంచింది ఏ కార్డో చూపించమన్నాను. బంగారు అంచుదేమో అనుకున్నా. కాదు. బూడిద రంగులో ఉన్న చిన్న ఎలక బొమ్మ.

"ఇది మొదటి రోజు ఫ్రీగా వచ్చింది మామూ" అన్నాడు.