డబ్బాలో పెట్టిన డబ్బు

ఖరగ్‌పూర్ వాసులకు కంటెయినర్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో. గూడ్సు బళ్ల రాకపోకల మధ్యే వాటిలో తరాలు గడిచాయి. ఇనుప పెట్టెలో సరుకు సర్ది సీలు వేస్తే చాలు, అది ఓడ ఎక్కినా, రైలెక్కినా, లారీ ఎక్కినా లోపలి సరుకును కదపనక్కరలేదు. 1956లో అమెరికాలో మాల్కమ్ మెక్‌లీన్ 58 పెట్టెలను ఓడకెక్కించి నిరూపించిన ఈ కిటుకునే, 2013లో డాకర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాచుర్యంలోకి తెచ్చింది. హిజ్లీలో 1951లో మొదలైన ఐఐటీ ఆవరణలో కంప్యూటర్ విద్యార్థి నోట కంటెయినర్ మాట వస్తే అది ఈ రెండో రకమే.

అక్కడి విద్యార్థుల ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ, కొత్తవారిని ఈ రంగంలోకి దించేందుకు ఐదు వారాల 'వింటర్ ఆఫ్ కోడ్' నిర్వహిస్తుంటుంది. ఇలాంటి చోట కొత్తవారు ముందుగా తలపడేది కోడ్‌తో కాదు, ఇన్‌స్టలేషన్ సూచనలతో. చాలామంది ఆగిపోయేదీ అక్కడే. అయినా సూచనలు దిద్దడాన్ని చిల్లర పనిగా చూడటం ఆనవాయితీ. క్రిప్టో కరెన్సీ సాఫ్ట్‌వేర్ విషయంలో ఆ చిన్నచూపు చాలా ఖరీదైనది. మామూలు ప్రోగ్రాం తప్పుగా ఎక్కితే మళ్లీ ఎక్కించుకోవచ్చు. వాలెట్ తాళంచెవి పోతే ఫిర్యాదు చేయడానికి బ్యాంకు మేనేజర్ ఉండడు.

బిట్‌కాయిన్‌నే తీసుకుంటే, 2009లో వెలువడిన దాని తొలి వెర్షన్ విండోస్‌కే పరిమితం. తర్వాత లైనక్స్‌పై సొంతంగా బిల్డ్ చేసుకునేవారిని ఏళ్ల తరబడి వేధించింది బర్క్‌లీ డీబీ అనే డేటాబేస్. వాలెట్లు పాత 4.8 వెర్షన్‌నే కోరేవి. లైనక్స్ పంపిణీల్లో మాత్రం కొత్తదే దొరికేది. దానితో బిల్డ్ చేస్తే ప్రోగ్రాం నడిచేది, కానీ ఆ వాలెట్ ఫైలు అధికారిక వెర్షన్‌లో తెరుచుకుంటుందన్న భరోసా ఉండేది కాదు. సూచనల్లో ఈ హెచ్చరిక ఉండేది. కానీ కమాండ్లను కాపీ చేసుకుంటూ పోయేవాడు హెచ్చరికలు చదువుతాడా? 2021లో ఎస్‌క్యూలైట్ వాలెట్లు వచ్చాకే ఈ పీడ విరగడవడం మొదలైంది.

ఈ తంటాలన్నిటికీ విరుగుడుగా వచ్చిన డాకర్ డబ్బా తన తంటాలు తాను తెచ్చింది. కంటెయినర్‌ను తొలగిస్తే అందులో రాసిందంతా పోతుంది. డేటా ఫోల్డర్‌ను బయటి డిస్కుకు జోడించమని చెప్పని సూచనలను నమ్ముకుంటే వాలెట్ కూడా దానితోపాటే గాలిలో కలుస్తుంది. పోర్టుల సంగతి ఇంకా సూక్ష్మం. నోడ్‌కు ఆదేశాలిచ్చే 8332 పోర్టును మామూలు పద్ధతిలో తెరిస్తే అది అన్ని నెట్‌వర్క్‌లకూ తెరుచుకుంటుంది. ఉబుంటులోని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ వద్దన్నా డాకర్ దాన్ని పక్కకు తప్పించి దారి ఇచ్చేస్తుంది. పోర్టు ముందు లోకల్ చిరునామా 127.0.0.1 చేర్చితే సరిపోయే దానికి, హాస్టల్ నెట్‌వర్క్ మొత్తానికీ తలుపు తీసి, పాస్‌వర్డ్ ఒక్కదాన్నే కాపలా పెట్టినట్టవుతుంది.

అసలు ఆ డబ్బా కట్టిందెవరు? డాకర్ హబ్‌లో ఒకే ఖాతా పెట్టిన 17 హానికర ఇమేజ్‌లను 2018లో తొలగించారు. అప్పటికే వాటి డౌన్‌లోడ్లు 50 లక్షలు దాటాయి. దించుకున్నవారి యంత్రాలపై రహస్యంగా మొనెరో తవ్వుకుని దుండగులు సుమారు 90 వేల డాలర్లు వెనకేసుకున్నారు. సీలు చూడకుండా వ్యాగన్ దించుకోవడమంటే ఇదే. బిట్‌కాయిన్ కోర్ విడుదలలతో పాటు హ్యాష్‌ల జాబితా, దానిపై పలువురి డిజిటల్ సంతకాలు వస్తాయి. వాటిని సరిచూసే రెండు మూడు కమాండ్లు ఉన్నా, తొందరలో ఎక్కువమంది దాటేసే మెట్టు అదే. దాన్ని డాకర్‌ఫైల్‌లోనే రాసేస్తే ఎవరూ దాటేయలేరు. 'లేటెస్ట్' అన్న ట్యాగ్‌ను నమ్మకుండా వెర్షన్ సంఖ్యను కచ్చితంగా రాయడం, ప్రోగ్రాంను రూట్ అధికారాలతో నడపకపోవడం కూడా ఆ ఫైలులో ఉండాల్సినవే.

పూర్తి బిట్‌కాయిన్ చరిత్ర ఇప్పుడు 600 గిగాబైట్లు దాటింది. విద్యార్థి ల్యాప్‌టాప్‌లో అది పట్టదని తెలిసేసరికి సగం రాత్రి డౌన్‌లోడ్‌కే పోతుంది. పాత బ్లాకులను సరిచూసి వదిలేసే ప్రూనింగ్‌ను ఎంచుకుంటే బ్లాకు ఫైళ్లు 550 మెగాబైట్లకు కుదించుకుంటాయి. ఆ ఒక్క వాక్యాన్ని సూచనల మొదటి పేరాలోకి తెచ్చేవారికి ప్రోగ్రామింగ్‌తో పెద్దగా పని లేదు. మొదటిసారి తను ఎక్కడ ఇరుక్కున్నాడో గుర్తుంటే చాలు.