ఇంటర్వెల్ కబుర్లు: వెజెలే కొండా? త్రిపురాంతకం కొండా?

గిద్దలూరు పక్క పల్లెకు చెందిన స్నేహితుడొకడు నాకున్నాడు. పదమూడేళ్ళుగా చిత్రరంగంలో అసిస్టెంటు డైరెక్టరు. పేరు రాస్తే రాబోయే ఛాన్సు కూడా జారిపోతుందని వాడి భయం గనక రాయను. మొన్న వేసవిలో ఊరొచ్చి ఫోను చేశాడు.

"ఒరేయ్, నేనే డైరెక్ట్ చేస్తన్నా. ప్రొడ్యూసర్ని గూడా నేనే!"

నా గుండె గుభేలుమంది. ఎందుకంటారా? వాడింట్లో ఆస్తి అంటూ ఉంటే అది వాళ్ళ నాన్న పేర ఉన్న మూడెకరాల మెట్ట. దాన్ని బేరానికి పెట్టారట. బయానా మాత్రం ఇంకా పుచ్చుకోలేదు.

మార్కాపురం బస్టాండు దగ్గర టీ తాగుతూ కథ చెబుతాడనుకున్నాను. కథకంటే ముందు లొకేషను చెప్పాడు! ఈ రోజుల్లో అదే పద్ధతి లెండి. ఫోనులో బొమ్మ చూపించాడు. ఫ్రాన్సులో బర్గండీ ప్రాంతం, వెజెలే అనే ఊరు. కొండ వాలున ద్రాక్షతోటలు, నెత్తిన పాత చర్చి, దాని దాకా ఎగబాకే ఒకే ఒక్క వీధి. నిజం చెప్పొద్దూ, బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. మన హీరో గారు ఆ వీధి పైకి నడిచేలోపు అయిదు చొక్కాలు మార్చొచ్చు!

"రెండు పాటలు అక్కడ. నాలుగు రోజుల కాల్షీటు చాలు" అన్నాడు.

"ఆ ఊరికి పేరెందుకొచ్చిందో తెల్సా?" అనడిగాను.

"సీనరీ."

వాడికి తెలియదని తేలిపోయింది. నేనూ ఆ ఊరు వెళ్ళినవాణ్ణి కాదు, పుస్తకాల్లో చదివినవాణ్ణి. స్పెయిన్‌లోని సాంటియాగో క్షేత్రానికి నడిచిపోయే యాత్రికులు బయల్దేరే చోట్లలో వెజెలే ఒకటి. 1146లో బెర్నార్డు అనే సన్యాసి ఆ కొండ దగ్గరే రాజు ఎదుట ప్రసంగించి రెండో క్రూసేడు యుద్ధానికి జనాన్ని లేవదీశాడు. 1979లో యునెస్కో ఆ కొండనీ చర్చినీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ద్రాక్ష పండే ఊళ్ళు అక్కడ కొల్లలు. ఆ కొండకు ఒక కథ ఉంది, తేడా అక్కడే వచ్చింది.

"మహా క్షేత్రానికి వాకిలి, కొండమీద గుడి, యుద్ధం కథ. అన్నీ ఉన్న చోటు మనకూ ఉంది. బస్సు టిక్కెట్టుతో పోయే పని, పద" అని లేవదీశాను.

త్రిపురాంతకంలో దిగేసరికి ఎండ నెత్తి మాడ్చేస్తోంది. శ్రీశైలానికి తూర్పు ద్వారం అదే. మిగతా మూడూ సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం. కింద చెరువులో బాలాత్రిపురసుందరి గుడి, పైన కుమారగిరి మీద త్రిపురాంతకేశ్వరుడు. సోడాలమ్మే ముసలమ్మ మమ్మల్ని చూసి, "ఇంత ఎండన పడొస్తిరేంది నాయనా, పొద్దున్నే రాగూడదా?" అని మందలించింది. తలా రెండు సోడాలు తాగి ఎక్కాం.

పైకెళ్ళి చూస్తే పడమట నల్లమల నీలంగా కనబడుతోంది. కింద బీడు పడిన మెట్టలు, రాళ్ళు. మావాడు నడుం మీద చేతులేసుకుని, "పచ్చదనం ఏదిరా? ఫ్రేములో ఏం పెట్టమంటావు?" అన్నాడు.

"అంబదేవుణ్ణి పెట్టు."

"వాడెవడు?"

అక్కడే నీడన కూలబడి చెప్పాను. 2015లో గుణశేఖర్ గారు అనుష్కతో 'రుద్రమదేవి' తీశారు కదా, ఆ రుద్రమకు సామంతుడీ అంబదేవుడు, కాయస్థ వంశం వాడు. ఆ వంశాన్ని పైకి తెచ్చిందే రుద్రమ తండ్రి గణపతిదేవుడు. ఆ ఉప్పు తిన్న ఇంటివాడే తిరగబడ్డాడు. రుద్రమా, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివసాయుజ్యం పొందారని 1289 నవంబరు నాటి చందుపట్ల శాసనం చెబుతోంది. చంపిందెవరో అందులో లేదు. మరుసటి ఏడు, 1290లో, అంబదేవుడు ఈ త్రిపురాంతకంలోనే శాసనం వేయించి తన గెలుపులన్నీ ఏకరువు పెట్టుకున్నాడు. మల్లికార్జునపతి సప్తాంగాలూ ఊడబెరికానన్నది అందులో ఒకటి. చరిత్రకారులు ఈ రెండు శాసనాలనూ పక్కపక్కన పెట్టి, రుద్రమ ఇతని చేతిలోనే పోయి ఉండాలంటారు.

"ఆడదాన్ని గెలిచానని మాత్రం రాయించలా?" అన్నాడు మావాడు. మొట్టమొదటిసారి గొంతు మారింది.

"రాయించలా. 1291లో ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చి ఇతన్ని దక్షిణానికి తరిమేసింది. ఆమె మనవడే ప్రతాపరుద్రుడు."

"మనవడా!"

ఇదీ సినిమావాడి బుర్ర! పగ అనేసరికి వెలిగింది. లేచి పోయి గుడి ప్రాకారం చుట్టూ రెండు సార్లు తిరిగొచ్చాడు. ఎండ సంగతే మర్చిపోయాడు. ఫోను తీసి ద్రాక్షతోటల బొమ్మ మళ్ళీ చూసుకున్నాడు, జేబులో పెట్టేశాడు.

తిరుగు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. గుర్రాలకూ సైన్యానికీ అయ్యే ఖర్చు ఫ్రాన్సు టిక్కెట్ల కంటే ఎక్కువే అన్నాడు. అదీ నిజమే, నా దగ్గర జవాబు లేదు. మూడెకరాలు ఎటూ చాలవు గదా అంటే, "అందుకే, ఇంక అమ్మేదెందుకు?" అన్నాడు. వాళ్ళ నాన్నకు ఫోను చేసి, బయానా సంగతి వచ్చే వారం చూద్దామని చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు కాస్త ఊపిరాడింది.

మార్కాపురం దీపాలు కనబడుతుండగా నా మోచేతిని పొడిచాడు.

"ఒరేయ్, అంబదేవుడి వేషం ఎవరికిద్దామంటావ్?"

నాకు తోచలేదు. మీకెవరైనా తోస్తే ఈ శీర్షిక పేర ఓ కార్డు ముక్క రాసి పడెయ్యండి, వాడికి చేరవేస్తాను.