ఇంటి బేరంలో మొహమాటం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కొనడం కూడా అంత సులభమైన కార్యం కాదు. సామాన్య కుటుంబం జీవితకాలపు కష్టార్జితాన్ని అందులో పెడుతుంది. అయినా బేరమాడడమంటే ధర తగ్గించమనడమేనని చాలామంది భావిస్తారు. నిజానికి ధర ప్రస్తావనకు ముందు అడుగవలసినవి అడగడమే బేరంలో ప్రధానభాగం.

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో మొదటి ప్రశ్న నీటిని గురించినదై ఉండాలి. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమంది కడలిపాలయ్యారు. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బ్యారేజి నుండి సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వచ్చింది. కనుక దివిసీమలో ఇల్లు కొనేవారు 'వరద ఈ గడప ఎక్కిందా?' అని అడగాలి. బందరులో 'బావినీరు తీపా, ఉప్పా?' అనీ, గుడివాడలో 'ఇది పూర్వం మెరకా, పూడ్చిన చెరువా?' అనీ విచారించాలి. కొత్త సున్నం గోడమీది నీటిచారను దాచగలదు. ఇరుగుపొరుగువారి జ్ఞాపకాన్ని దాచలేదు. లోపాన్ని సరిచేసుకోవడానికయ్యే ఖర్చును లెక్కగట్టి, ఆ మేరకు ధర తగ్గించమనడం న్యాయమైన బేరం.

రెండవ ప్రశ్న హక్కును గురించినది. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. అన్నదమ్ముల మధ్య తెగని వాటాలు కనిపించవు. అందుచేత లింకు దస్తావేజులను చదివించి, వారసులందరి సమ్మతిని తెలుసుకోవాలి. బయానా ఇచ్చి ఒప్పందం వ్రాసుకున్నంత మాత్రాన ఇల్లు సొంతం కాదు.

ఇక్కడే మొహమాటం అడ్డువస్తుంది. చిన్న పట్టణాలలో అమ్మేవారు తరచు తెలిసినవారే. 'బాబాయిగారినే కాగితాలడిగితే ఏమనుకుంటారో' అని కొనేవారు వెనుకాడతారు. 2023లో బందరు ఓడరేవు పనులు మొదలయ్యాయి కనుక రేపు ధర రెట్టింపవుతుందని మధ్యవర్తి తొందరపెట్టవచ్చు. ఎక్కువగా ప్రశ్నిస్తే బేరం చెడుతుందన్న మాటలో కొంత నిజమున్నది. కాని ప్రశ్నకు తట్టుకోలేని బేరం చెడిపోవడమే కొనేవారికి మేలు.

ఆహారంలోను, వ్యవహారంలోను మొహమాటం పనికిరాదన్నది లోకోక్తి. చట్టం కూడా ఇదే చెబుతున్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆస్తిని గురించి కొనుగోలుదారు అడిగే సంబంధిత ప్రశ్నలకు అమ్మకందారు తనకు తెలిసినంతవరకు జవాబు చెప్పాలి. తనకు తెలిసి, కొనేవారు సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని దాచరాదు. కొనేవారికీ బాధ్యత ఉన్నది. అమ్మేవారి హక్కుకు సంబంధించి వారెరుగని, విలువను బాగా పెంచే విషయం తమకు తెలిస్తే చెప్పాలి.

కాబట్టి అడగడం అవమానం కాదు, అనుమానమూ కాదు. ఇంటి బేరానికి పెద్దలు కూర్చున్నప్పుడు చదువుకున్న పిల్లలు వారి పక్కన కూర్చుని దస్తావేజును అక్షరమక్షరం చదివి వినిపించాలి. ఆ కుటుంబానికి వారి చదువు చేయగల మొదటి మేలు అదే కావచ్చు.